యాపిల్‌కి మొదట డబ్బు పెట్టిందెవరు?

యాపిల్ అనగానే ఓ గ్యారేజీ, ఇద్దరు స్టీవ్‌లు (జాబ్స్, వోజ్నియాక్) గుర్తొస్తారు. కానీ 1976 ఏప్రిల్ 1న రాసుకున్న ఒప్పందం మీద సంతకాలు మూడు. మూడోవాడు రొనాల్డ్ వేన్. వీడియోగేముల కంపెనీ అటారీలో జాబ్స్‌తో కలిసి పనిచేసిన, అప్పటికే నలభై దాటిన పెద్దమనిషి. ఒప్పందం టైపు చేసిందీ, తొలి లోగో గీసిందీ ఆయనే. చెట్టుకింద కూర్చున్న న్యూటన్, నెత్తిన వేలాడుతున్న పండు, ఇదీ ఆ బొమ్మ. జాబ్స్‌కి 45 శాతం, వోజ్నియాక్‌కి 45, వేన్‌కి 10. కుర్రాళ్లిద్దరికీ పేచీ వస్తే తేల్చడానికే ఆ పది.

ఏప్రిల్ 12కల్లా వేన్ తప్పుకున్నాడు. చేతికొచ్చింది 800 డాలర్లు, ఆ తర్వాత ఇంకే హక్కూ లేదని రాసిచ్చినందుకు మరో 1,500. లోకం ఆయన్ని చూసి జాలిపడుతుంది గానీ, ఆయన లెక్కలో తప్పు లేదు. భాగస్వామ్య సంస్థ మునిగితే అప్పులవాళ్లు భాగస్వాముల సొంత ఆస్తుల మీదికి వస్తారు. కుర్రాళ్ల దగ్గర చిల్లిగవ్వ లేదు, ఆస్తున్నవాడు ఆయనొక్కడే. పైగా అంతకుముందే ఓ వ్యాపారంలో చేతులు కాల్చుకున్నాడు. అసలు చిత్రం వేరే ఉంది. తన దగ్గరున్న ఒప్పంద పత్రాన్ని తర్వాతెప్పుడో 500 డాలర్లకు అమ్మేశాడు. 2011లో సదబీస్ వేలంలో అది దాదాపు 16 లక్షల డాలర్లు పలికింది!

పెట్టుబడి కోసం జాబ్స్ తన ఫోక్స్‌వ్యాగన్ వ్యాను అమ్ముకున్నాడు, వోజ్నియాక్ తన హెచ్‌పీ-65 కాలిక్యులేటరు అమ్ముకున్నాడు. కాలిక్యులేటరు కొన్నవాడు బేరమాడిన సొమ్ములో సగమే ఇచ్చాడంటారు.

వాళ్ల కంప్యూటరుకు తొలి పెద్ద ఆర్డరు ఇచ్చింది మౌంటెన్ వ్యూలో బైట్ షాప్ అనే కంప్యూటర్ల దుకాణం నడిపే పాల్ టెరెల్. ఉత్త సర్క్యూట్ బోర్డులు నాకొద్దు, విడిభాగాలన్నీ అతికించి సిద్ధంగా ఇస్తే 50 తీసుకుంటాను, ఒక్కోదానికి 500 డాలర్లు అన్నాడు. ఆ ఆర్డరు చూపించి జాబ్స్ విడిభాగాలు అరువడిగితే, అమ్మేవాళ్లకు నమ్మకం కుదరలేదు. ఏదో సమావేశంలో ఉన్న టెరెల్‌కి ఫోన్ చేసి నిజమేనని రూఢి చేసుకున్నాకే 30 రోజుల అరువిచ్చారు. చిల్లర ధర 666 డాలర్ల 66 సెంట్లు. వోజ్నియాక్‌కి ఒకే అంకె వరసగా రావడం సరదా, అంతే.

ఇక మైక్ మార్క్యులా. ఆయన లేకపోతే ఈ కంపెనీ ఆ గ్యారేజీ దాటేది కాదేమో. ఇంటెల్ షేర్లతో బాగా వెనకేసుకుని, ముప్పయ్యేళ్లు దాటిన కొత్తలోనే ఉద్యోగం మానేసి కూర్చున్న మనిషి. వాటా కింద కొంత, అప్పు కింద కొంత, మొత్తం రెండున్నర లక్షల డాలర్లు సమకూర్చి వ్యాపార ప్రణాళిక రాశాడు. 1977 జనవరి 3న యాపిల్ కంపెనీగా నమోదైంది. హెచ్‌పీ కొలువు వదిలితేనే డబ్బు పెడతానన్నది వోజ్నియాక్‌కి ఆయన పెట్టిన షరతు. వోజ్నియాక్ మొదట ససేమిరా అన్నాడు. మేనేజరు కానక్కర్లేదు, ఇంజనీరుగానే ఉండిపోవచ్చని ఓ స్నేహితుడు చెప్పాకే మెత్తబడ్డాడు. మార్క్యులాకి ప్రోగ్రాములు రాసే సరదా కూడా ఉండేది. బ్యాంకు ఖాతా సరిచూసుకునే తన ప్రోగ్రాము క్యాసెట్ నుంచి లోడవడానికి యుగం పడుతోందని విసిగి, ఫ్లాపీ డ్రైవు కావాలన్నాడు. వోజ్నియాక్ క్రిస్మస్ సెలవుల్లో దాని పనిలో పడ్డాడు. యాపిల్-2 కంప్యూటరు అమ్మకాలను నిలబెట్టిన డిస్క్-2 డ్రైవు అదే.

1980 డిసెంబర్ 12న షేరు 22 డాలర్లకు మార్కెట్‌కి వచ్చింది. మసాచుసెట్స్ రాష్ట్రం మాత్రం ఇది మరీ రిస్కని మొదట్లో తన ప్రజలకు అమ్మనివ్వలేదు. కంపెనీలోనూ అందరికీ షేర్లు దక్కలేదు. జాబ్స్ కాలేజీ స్నేహితుడు, తొలి ఉద్యోగుల్లో ఒకడైన డేనియల్ కాట్కీకి ఒక్క షేరూ రాలేదు. పవర్ సప్లై తయారుచేసిన రాడ్ హోల్ట్ ఉండబట్టలేక, కాట్కీకి నువ్వెంతిస్తే నేనూ అంతిస్తానని జాబ్స్‌తో అన్నాడట. అయితే నేనిచ్చేది సున్నా అన్నాడు జాబ్స్. చివరికి వోజ్నియాక్ తన వాటాలోంచి తీసి కాట్కీకిచ్చాడు, ఇంకా కొంతమంది ఉద్యోగులకు చవగ్గా అమ్మాడు.