టీషర్టు కుట్టాలంటే ముందు సూది మార్చాలి

వేసవి సంచికకు ‘ఇంట్లో కుట్టుకునే బట్టలు’ మీద ముఖచిత్ర కథనం కావాలన్నారు సంపాదకులు. జాకెట్లు, లంగాలు, గౌన్ల గురించి ఇప్పటికే చాలాసార్లు రాశాం. కానీ పొద్దున లేచింది మొదలు మన ఒంటిమీద ఉండేవి టీషర్టులు, లెగ్గింగులు, ట్రాక్ ప్యాంట్లు, పిల్లల నిక్కర్లు. అన్నీ బనీను గుడ్డే. జాకెట్టు చక్కగా కుట్టగలిగిన ఆడపిల్ల కూడా టీషర్టు జోలికి ఎందుకు పోదు? ఆ ప్రశ్న పట్టుకుని బయల్దేరాను.

మా పక్క వాటాలో ఉండే అమ్మాయి లైనింగ్ జాకెట్లు, పంజాబీ డ్రెస్సులు పొందిగ్గా కుడుతుంది. ఏడేళ్ల కొడుక్కి టీషర్టు కుడదామని గుడ్డ తెచ్చి, ఒక పక్క కుట్టి, విసుగొచ్చి మడిచి బీరువాలో పెట్టేసింది. ఆ ముక్కను అడిగి తీసుకుని కిటికీ దగ్గర వెలుతుర్లో చూశాను. రెండంగుళాల దాకా కుట్టు వరసగా పడింది. ఆ తర్వాత పై దారం గుడ్డమీద తేలుతూ పోయి ఎక్కడో మళ్లీ దిగింది. ఇంకో అంగుళం తర్వాత మళ్లీ అదే వరస. ఒకచోట సన్నని చిల్లు. అక్కడ కాస్త లాగితే అల్లిక నిచ్చెన మెట్లలా విడిపోతూ కిందికి జారింది.

“నూనె వేశాను, దారం మార్చాను, టెన్షన్ బిగించి చూశాను, వదులు చేసి చూశాను. పాత మిషన్ కదక్కా, దీనివల్ల కాదేమో” అంది.

మిషన్‌లో లోపం లేదు. అందులో ఉన్నది జాకెట్లు కుట్టే సూది. అంతే తేడా. ఈ కథనంలో ఎక్కువ చోటు ఆ సూదికే ఇస్తున్నాను, ఎందుకంటే కొత్తగా కుట్టేవాళ్లు అన్నీ మార్చి చూసి చివరికి వదిలేసేది దాన్నే.

మిషన్ సూదిని ఊడదీసి వేళ్ల మధ్య తిప్పి చూడండి. ఒకవైపు పొడుగునా సన్నని గాడి ఉంటుంది. దారం దిగేది అందులోంచే. రెండోవైపు, కన్నానికి కాస్త పైన, చెక్కినట్టు చిన్న లోతు ఉంటుంది. కుట్టు పుట్టేది అక్కడే. సూది గుడ్డ లోపలికి పూర్తిగా దిగి, పైకి లేవడం మొదలుపెట్టిన క్షణంలో దారం గుడ్డకు ఒరుసుకుని వెంటనే పైకి రాలేక, ఆ లోతు దగ్గర చిన్న ఉచ్చులా ఉబ్బుతుంది. షటిల్ కొక్కెం వచ్చి ఆ ఉచ్చును అందుకుని బాబిన్ దారం చుట్టూ తిప్పుతుంది. పడుగు పేకల నేత బట్ట బిగుతుగా, కదలకుండా ఉంటుంది కాబట్టి ఉచ్చు వేళకు ఉబ్బుతుంది. బనీను గుడ్డ అలా కాదు. సూదిని అంటుకుని దానితో పాటే పైకి లేస్తుంది. గుడ్డా దారమూ కలిసి లేస్తే ఉచ్చు ఉబ్బదు. కొక్కెం వట్టిగా తిరిగి వెళ్లిపోతుంది. పక్కింటి అమ్మాయి ముక్కమీద తేలిన ప్రతి దారమూ అలా తప్పిపోయిన కుట్టే.

ఇక ఆ చిల్లు. బనీను గుడ్డ లాంటి అల్లిక బట్టలో దారాలు అడ్డంగా నిలువుగా ఉండవు, ఉచ్చులోంచి ఉచ్చు దూరి ఉంటుంది. వాడి మొన సూది సరిగ్గా దారం మీద పడితే దాన్ని తెంపుతుంది. ఒక్క ఉచ్చు తెగితే దాన్ని పట్టుకుని ఉన్న వరసంతా విడిపోతుంది. బాల్ పాయింట్ సూదికి మొన గుండ్రంగా ఉంటుంది. అది దారాన్ని పొడవకుండా పక్కకు తోసి సందులోంచి దిగుతుంది. లైక్రా కలిసిన లెగ్గింగు గుడ్డకు స్ట్రెచ్ సూది ఇంకా మంచిది. గుడ్డ పైకి లేచినా కొక్కేనికి దారం అందేలా దాని లోతును, కన్నాన్ని ప్రత్యేకంగా మలుస్తారు.

సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో కుట్టు సామాన్ల దుకాణానికి వెళ్లి బనీను గుడ్డకు సూదులు కావాలన్నాను. “11 నంబరా, 14 నంబరా అమ్మా?” అన్నాడు. అడగాల్సింది నంబరొక్కటే కాదు. ప్యాకెట్ మీద 75/11 అని ఉంటే సూది కాడ మందం 0.75 మిల్లీమీటరు అని. 11 అదే మందానికి పాత లెక్క. మొన సంగతి ఆ అంకెలు చెప్పవు, పక్కనున్న అక్షరాలు చెబుతాయి. 130/705 హెచ్ అనేది తల ఒకవైపు చదునుగా ఉండే ఇంటి మిషన్ సూది. ఆ తర్వాత ఎస్‌యూకే అని ఉంటే బాల్ పాయింట్, ఒక్క ఎస్ ఉంటే స్ట్రెచ్. ష్మెట్జ్ కంపెనీ సూదుల మీద రంగు గీతలు కూడా ఉంటాయి: జెర్సీ, అంటే బాల్ పాయింట్ సూదికి నారింజ, స్ట్రెచ్‌కు పసుపు.

అదే మిషన్, అదే దారం, అదే ముక్క. సూదొక్కటి మార్చి ఆ అమ్మాయి చేతే కుట్టించాను. చంక నుంచి అంచు దాకా ఒక్క కుట్టు తప్పలేదు.

సంపాదకులు చరిత్ర కూడా కావాలన్నారు, క్లుప్తంగా చెబుతాను. 1589లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ దగ్గర కాల్వర్టన్‌లో విలియం లీ మేజోళ్లు అల్లే యంత్రం చేశాడు. సింగర్ తన కుట్టు మిషన్‌కు పేటెంట్ తీసుకున్నది 1851లో. 1880ల్లో అమెరికాలోని కనెటికట్‌లో మెరో కంపెనీ ఓవర్‌లాక్ మిషన్ తెచ్చింది. లోదుస్తులకే అనుకున్న జెర్సీ అనే బనీను గుడ్డతో మొదటి ప్రపంచ యుద్ధకాలంలో కోకో షనెల్ పైబట్టలు కుట్టించింది. 1960ల్లో ఆరెగాన్‌లో ఆన్ పర్సన్ అనే ఆవిడ గృహిణులకు ఇంటి మిషన్ మీదే సాగే బట్ట కుట్టడం నేర్పింది.

ఆ ఆరెగాన్ ఆవిడ చేసిన పని మన కుట్టు సెంటర్లు ఎందుకు చేయవన్నదే నా బాధ. అడిగితే “దానికి ఓవర్‌లాక్ మిషన్ ఉండాలమ్మా” అంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. ఓవర్‌లాక్ అంచును కోస్తూ, చుడుతూ, సాగేలా వేగంగా కుడుతుంది, నిజమే. అంచులు పెద్దగా పోగు విడవని బనీను గుడ్డకు అది సౌకర్యమే గాని తప్పనిసరి కాదు.

తప్పనిసరిగా కావాల్సింది సాగే కుట్టు. ఏడేళ్ల పిల్లాడి తల చుట్టుకొలత ఇంచుమించు 20 అంగుళాలు. టీషర్టు మెడ 16 అంగుళాలే ఉంటుంది. తల దూరేటప్పుడు గుడ్డ సాగుతుంది, మామూలు తిన్నని కుట్టు సాగదు, పటపటా తెగుతుంది. జిగ్‌జాగ్ ఉన్న మిషన్‌లో వెడల్పు అర మిల్లీమీటరు, పొడవు రెండున్నర పెట్టండి. చూడ్డానికి తిన్నగానే ఉంటుంది, లాగితే సాగుతుంది. తిన్నని కుట్టు ఒక్కటే ఉన్న నల్ల మిషన్ అయితే పాలిస్టర్ దారం వేసి, కుట్టు చిన్నది చేసి, గుడ్డను ముందూ వెనకా కొద్దిగా లాగిపట్టి కుట్టాలి. పక్కలకు, చేతులకు అది చాలు. మెడను మాత్రం చేత్తో వెనకకుట్టు వేసుకోవడమే నమ్మకం. భుజం అసలు సాగకూడదు, అక్కడ సన్నని టేపు కలిపి కుట్టండి.

పక్కింటి టీషర్టుకు మిగిలిన కష్టం కింది అంచు. అలలు అలలుగా తేలింది. పాదం కింది పళ్లు కింది పొరను లాగేస్తుంటే, పాదం పై పొరను నొక్కి ఆపుతుంది. దాంతో గుడ్డ సాగిపోయి అలాగే కుట్టుబడుతుంది. పాదం ఒత్తిడి మరను వదులు చేసి, గుడ్డ కింద సన్నని కాగితం పట్టీ పెట్టి కుట్టి, తర్వాత కాగితం చించేస్తే సర్దుకుంటుంది. న్యూస్ పేపర్ మాత్రం వద్దు, సిరా అంటుతుంది.

బట్ట కొనేటప్పుడు

హోల్‌సేల్‌లో బనీను గుడ్డ కిలోల లెక్కన అమ్ముతారు. జీఎస్ఎం అంటే చదరపు మీటరు గుడ్డ బరువు, గ్రాముల్లో. 180 జీఎస్ఎం గుడ్డ కిలోకు అయిదున్నర చదరపు మీటర్లు వస్తుంది. మొదటిసారి కుట్టేవాళ్లు ఇంటర్‌లాక్ రకం బనీను గుడ్డ తీసుకోండి, అంచులు చుట్టుకోవు. సింగిల్ జెర్సీ కత్తిరించగానే చుట్టుకుంటుంది. ఆ గుణం ఒకందుకు పనికొస్తుంది: అడ్డంగా కోసిన అంచును లాగితే చుట్టుకునే వైపే మంచి వైపు. కత్తిరించే ముందు ఉతికి, నీడలో పరచి ఆరబెట్టండి. తీగ మీద వేలాడదీస్తే సాగుతుంది.

మెడ పట్టీ లెక్క

మెడ 16 అంగుళాలైతే బాగా సాగే రిబ్ అల్లిక పట్టీ 13 నుంచి 14 అంగుళాలు చాలు, కుట్టుకు వదిలేది వేరే. పట్టీని, మెడను విడివిడిగా నాలుగు భాగాలు చేసి గుర్తులు పెట్టి, గుర్తుకు గుర్తు కలిపి గుండుసూదులు గుచ్చండి. కుట్టేటప్పుడు పట్టీనే లాగాలి, మెడను లాగకూడదు. తర్వాత ఆవిరి ఇస్త్రీ పెట్టెను పైపైన పట్టండి. రుద్దితే మెడ మళ్లీ సాగిపోతుంది.