గుజ్జు పోయి టెంక మిగిలిన గెలాక్సీలు

ఆస్ట్రేలియాలోని సైడింగ్ స్ప్రింగ్ వేధశాల టెలిస్కోపుతో ఫోర్నాక్స్ గెలాక్సీల గుంపును గాలిస్తున్నవాళ్లకు 2000 ప్రాంతంలో ఓ వింత ఎదురైంది. ఫొటోల్లో మన పాలపుంత నక్షత్రాల్లా కనిపించిన కొన్ని చుక్కల కాంతిని వర్ణపటంగా విడదీసి చూస్తే, అవి ఆరు కోట్ల కాంతి సంవత్సరాల అవతల, ఆ గుంపులోనే ఉన్నాయని తేలింది. అంత దూరాన ఉండి కూడా కనిపిస్తున్నాయంటే అవి ఒంటరి నక్షత్రాలు కావు, కోట్ల నక్షత్రాల ముద్దలు. వాటినే అతిసాంద్ర మరుగుజ్జు గెలాక్సీలు అంటున్నారు.

కన్యారాశి గుంపులో ఎం60 అనే భారీ గెలాక్సీ పక్కన ఎం60-యూసీడీ1 అని ఒకటుంది. అడ్డుకొలత సుమారు 300 కాంతి సంవత్సరాలు. మన పాలపుంతది లక్ష! ఆ ఇరుకులోనే 14 కోట్ల సూర్యుళ్ల బరువు కూరి ఉంది. ఊరి దీపాలకు దూరంగా వెళ్లి చూసినా మన కంటికి ఆనేవి నాలుగు వేల చుక్కలు. అక్కడి గ్రహమేదైనా ఉంటే, దాని మీంచి పది లక్షలు కనిపిస్తాయట. ఆ రాత్రిని ఊహించుకుంటేనే ఒళ్లు పులకరిస్తుంది.

దాని నడిమధ్య నక్షత్రాలు సెకనుకు 100 కిలోమీటర్ల వేగంతో తిరుగుతున్నాయి. కనిపించే నక్షత్రాల బరువొక్కటే అంత వేగాన్ని పట్టి ఉంచలేదు. హవాయిలోని జెమిని టెలిస్కోపుతో 2014లో లెక్క తేల్చారు: అక్కడున్నది 2.1 కోట్ల సూర్యుళ్లంత కృష్ణబిలం. పాలపుంత నడుమ ఉన్నదానికి అయిదు రెట్లు. ఇంత చిన్న గెలాక్సీకి అంత పెద్దది ఎలా దక్కింది?

ఒకప్పుడు అది చిన్నదేమీ కాదు. ఎం60కి మరీ దగ్గరగా వెళ్లింది. దగ్గరి వైపు ఎక్కువగా, దూరపు వైపు తక్కువగా లాగే గురుత్వం అంచుల్లో వదులుగా ఉన్న నక్షత్రాలను ఊడ్చుకుపోయింది. బిగుతైన కేంద్రం మాత్రం మామిడి టెంకలా మిగిలింది. కన్యారాశి గుంపులోనే ఈ ఒలుపు వేర్వేరు దశల్లో ఉన్న 106 గెలాక్సీలను 2023లో గుర్తించారు. అతిసాంద్ర మరుగుజ్జులన్నీ ఇలాగే పుట్టాయనలేం; కొన్ని బాగా బలిసిన నక్షత్ర గుచ్ఛాలూ కావచ్చు.

అలాంటి టెంక మన పాలపుంతలోనూ ఉందని చాలామంది ఖగోళవేత్తల నమ్మకం. పేరు ఒమేగా సెంటారీ, దూరం 17 వేల కాంతి సంవత్సరాలు, నక్షత్రాలు కోటి. 1603లో నక్షత్ర పటాలు గీసిన బేయర్ దాన్ని నక్షత్రమనుకునే ఆ పేరు పెట్టాడు. అందులోనూ కృష్ణబిలం ఉందనడానికి హబుల్ ఫొటోల్లో ఏడు నక్షత్రాల పరుగు 2024లో ఆధారమైంది. మే నెల మధ్యలో, రాత్రి పది గంటలకు, హైదరాబాద్ దీపాలు దాటి వెళ్లి దక్షిణానికి తిరగండి. నేల అంచు నుంచి, చాచిన చేతి పిడికిళ్లు రెండున్నర పేర్చినంత ఎత్తున, కాస్త అలికినట్టున్న చుక్క కనిపిస్తుంది. అదే.