వార్తల్లో పదం: ప్రైమరీ ఇమ్యునోడెఫిషియెన్సీ

"మొన్ననే తగ్గింది సార్, మళ్ల జరమొచ్చింది." మెదక్‌లో ఏ పిల్లల డాక్టరు దగ్గర కూర్చున్నా వినిపించే మాటే. జలుబుకైతే కంగారక్కర్లేదు, బడి పిల్లలకు ఏడాదిలో ఆరేడుసార్లు మామూలే. కానీ ఏడాదిలో రెండుసార్లు న్యుమోనియా వచ్చినా, నాలుగుసార్లు చెవిలో చీము పట్టినా, రెండు నెలలు యాంటీబయాటిక్ వాడినా గుణం కనబడకున్నా ప్రైమరీ ఇమ్యునోడెఫిషియెన్సీ ఏమోనని అనుమానించాలి.

పుట్టుకతోనే జన్యులోపం వల్ల రోగనిరోధక వ్యవస్థ సరిగా పనిచేయకపోవడమే ఈ జబ్బు. ఎయిడ్స్ కాదు, అంటుకోదు. 1952లో అమెరికన్ వైద్యుడు బ్రూటన్ యాంటీబాడీలు లేని బాలుడి గురించి రాశాడు. ఇప్పటికి 400కు పైగా రకాలు తేలాయి.

తొలి ఆధారం చాలాసార్లు మామూలు సీబీసీ (రక్తకణాల లెక్క) కాగితంలోనే ఉంటుంది. నెలల పసికందుకు లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) మైక్రోలీటరుకు 3,000 లోపుంటే వదలకూడదు. శాతం చూసి సరిపెట్టుకోకుండా సంఖ్య లెక్కగట్టాలి. ఆ తర్వాతే ఇమ్యునోగ్లోబ్యులిన్లు (యాంటీబాడీలు), ఫ్లో సైటోమెట్రీ (కణాల రకాల లెక్క), జన్యుపరీక్ష. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రి, డీఎన్‌ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ కలిసి ఇలాంటి జబ్బుల కేంద్రంగా ఉన్నాయి.

ఇంట్లో ఇంతకుముందు పసిబిడ్డ ఇన్ఫెక్షన్‌తో పోయి ఉంటే, తర్వాతి బిడ్డకు బీసీజీ (క్షయకు వేసే సజీవ టీకా) వేయించే ముందే ఆ మాట డాక్టరుకు చెప్పండి.