క్లిక్కు కూలి – చెల్లింపులో జాగు



సెల్‌ఫోనులో ప్రకటనలు చూచి వానిపై వ్రేలితో నొక్కినచో, నొక్కిన ప్రతిసారికి ఇంతయని సొమ్మిచ్చెదమని కొన్ని వెబ్‌సైటులు చాటుచుండును. ఆ నొక్కుటనే క్లిక్కు అందురు. మొదట కొన్ని వారములు సొమ్ము చెప్పిన దినముననే వచ్చును. పిమ్మట వాయిదా పడును. బ్యాంకు మార్చుచున్నామనియు, లెక్కలు సరిచూచుచున్నామనియు, పది దినములు ఓపిక పట్టుడనియు కబురు వచ్చును. ఈ జాగు కేవలము గుమాస్తాల అశ్రద్ధయా, లేక మరేదైననా అనునదే నేటి ప్రసంగ విషయము. సభ్యత్వ రుసుము కొరకు ఇంటి కుర్రవాడు మొదట చేయి చాచునది మీ యెదుటనే. సొమ్ము మునిగిన పిదప తగవు వచ్చునదియు మీ అరుగు మీదికే.

ప్రకటనకు సొమ్మిచ్చు వర్తకుని మనసు మొదట తెలిసికొనవలయును. ఊరిలో దండోరా వేయించువాడు డప్పు కొట్టువానికి కూలి యిచ్చును గాని, నిలిచి విన్నవారికి కూలి పంచిపెట్టడు. కూలి కొరకు విన్నవాడు సరకు కొనడని అతనికి తెలియును. కనుక కూలికి నొక్కిన క్లిక్కునకు వెల మిక్కిలి స్వల్పము. నిజముగా వర్తకుల ప్రకటనలతో నడచు సైటులలో క్లిక్కునకు డాలరులో వెయ్యవవంతు, అనగా సుమారు మన పది పైసలు, ముట్టుట సామాన్యము. అదియు కొంత మొత్తమగు వరకు చేతికియ్యరు. ఆ నిబంధనను ముందుగనే తెలిపి, మొత్తము చేరగనే చెల్లించువారిని నేను మోసగాండ్రనను. దినమంతయు నొక్కినను గిట్టదని మాత్రమే అందును.

ఇక క్లిక్కునకు అయిదేసి రూపాయలన్నవారి సంగతి. 2017 ఫిబ్రవరిలో ఉత్తరప్రదేశ్ పోలీసుల ప్రత్యేక దళమువారు ఢిల్లీ చెంతనున్న నోయిడాలో ‘సోషల్ ట్రేడ్’ అను పథకమును నడపినవారిని నిర్బంధించిరి. అందు చేరుటకు 5,750 మొదలు 57,500 రూపాయల వరకు రుసుము. సుమారు ఆరున్నర లక్షల మంది నుండి 3,700 కోట్ల రూపాయలు వసూలయినవని పోలీసులు ప్రకటించిరి. లెక్క వేసి చూడుడు. 57,500 కట్టినవాడు దినమునకు 125 మారులు నొక్కినాడనుకొందము. కూలి 625 రూపాయలు. తొంబదిరెండు దినములలో కట్టినదంతయు తిరిగి రావలెను. ఆపైన వచ్చునదంతయు లాభము. ఏ వర్తకుడు ఈ సొమ్ము పోయుచున్నాడు? క్రొత్తవాని రుసుమే పాతవానికి కూలిగా పంచినారని పోలీసుల ఆరోపణ.

ఇది క్రొత్త విద్య కాదు. 1920లో అమెరికాలోని బోస్టన్ నగరమున ఛార్లెస్ పాంజీ అనువాడు తపాలా కూపనుల వ్యాపారమని చెప్పి, నలుబదియైదు దినములలో నూటికి ఏబది లాభమిచ్చెదనని ఇట్లే నడపెను. కూపనులకు బదులు నేడు క్లిక్కులు వచ్చినవి, అంతియే.

ఇట్టి పథకమున చెల్లింపు ఎప్పుడు ఆలస్యమగును? క్రొత్తగా చేరువారు తగ్గినప్పుడు. బావిలో ఊట తగ్గినప్పుడు చేద ఆలస్యముగా నిండుట వంటిది ఇది. బ్యాంకు మార్పు మొదలగునవి పైకి చెప్పు మాటలు కావచ్చును. అయితే ఈ ఆలస్యకాలమందే అసలు హాని జరుగును. ఇంకొక మెట్టు పై సభ్యత్వము కొన్నచో వెంటనే చెల్లింతుమందురు; పన్ను ముందుగా కట్టుమందురు. తెరమీద కనబడు అంకె మాత్రము దినదినము పెరుగుచునేయుండును. ఆ అంకెను సొమ్మని నమ్మినవాడు తన బాకీ రాబట్టుకొనుటకై బావమరిదిని, మేనల్లుని చేర్పించును. వాడు అబద్ధమాడుచున్నానని యెరుగడు. ఎరుగడు గనుకనే వాని మాట మరింత చెల్లును. 11,000 రూపాయలు కట్టించుకొని, ప్రశ్నపత్రములు నింపినందులకు సొమ్మిచ్చుచు వచ్చిన స్పీక్ ఏషియా అను సంస్థ చెల్లింపులు 2011లో నిలిచిపోయెను. అప్పుడు సొమ్ము రావలసిన సభ్యులలోనే కొందరు ఆ సంస్థ పక్షమున వాదించిరి. సంస్థ నిలిచిననే గదా తమ బాకీ తీరునది! అప్పులవాడే వకీలైన చిత్రమిది.

కావున జాగు మొదలైన దినముననే రెండు పనులు చేయింపుడు. మరియొక రూపాయి కట్టనీయకుడు. తెరమీది అంకెనంతయు ఒక్కసారిగా బ్యాంకులో వేయుమని అడిగింపుడు. కట్టినదే రానివానికి కట్టుమను ఉత్తరము వచ్చినచో సందేహమునకు తావు లేదు. అప్పుడు చెల్లింపు రసీదులను, వచ్చిన కబురులను భద్రపరచి, సైబర్ నేరముల ఫిర్యాదులకై ఏర్పడిన 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెను. తొందరగా చేసినచో, పంపిన సొమ్ము ఇతరుల ఖాతాలలోనికి జారిపోకముందే బ్యాంకులు నిలుపగల అవకాశము కొంత కలదు. నెల గడచిన పిదప అది దుర్లభము.

మరియొక సంగతి మన కుర్రవాండ్రకు తెలియదు. ఒకరిని చేర్చిన మరియొకరికి సొమ్మని నడచు పథకములను 1978 నాటి కేంద్రశాసనము నిషేధించినది. నడపుటయే గాక, సభ్యుడై చేరుటను, ఇతరులను చేర్పించుటకై సొమ్ము పుచ్చుకొనుటను గూడ ఆ శాసనము వారించుచున్నది. శిక్ష మూడేండ్ల వరకు ఖైదు కావచ్చును. మేనల్లుని చేర్పించి కమీషను పుచ్చుకొన్నవాడు ఫిర్యాది అగునో ముద్దాయి అగునో కచేరిలో గాని తేలదు.