మేకపిల్ల తొలి గడియలు

అమీరుపేట మెట్రో స్టేషనునుండి పంజగుట్టకు నడచిపోవు బాలునకు అంగళ్లును, పెద్ద ఆసుపత్రియు కనబడును గాని మేకల మంద కనబడుట అరుదు. అచ్చటివారిలో పెక్కుమందికి మేక యన మాంసపు దుకాణమే తలపునకు వచ్చును. పల్లెలోని పేద కుటుంబమునకు మాత్రము మేక ఆపదవేళ అక్కఱకు వచ్చు సొమ్ము. పుట్టిన పిల్ల చచ్చినచో ఆ సొమ్ము పోయినట్లే.

పంజగుట్టలో పుట్టిన శిశువునకును, పల్లెపాకలో పుట్టిన మేకపిల్లకును ఒక గొప్ప భేదము కలదు. రోగములను ఎదిరించు పదార్థములు తల్లి రక్తమునుండి మాయ ద్వారా మానవశిశువునకు గర్భములోనే చేరును. మేక మాయ వానిని పోనీయదు. కావున మేకపిల్లకు ఆ రక్షణ తల్లి తొలిపాలనుండియే రావలెను. వీనినే ముర్రుపాలు లేక జున్నుపాలు అందురు. పిల్ల ప్రేగులు ఆ పదార్థములను యథాతథముగా రక్తములోనికి గ్రహింపగల శక్తి గంటగంటకు తగ్గి, ఒక దినములో దాదాపు నశించును.

ముర్రుపాల బలము చూడి మేక పోషణపై ఆధారపడును. మేక సుమారు 150 దినములు గర్భము మోయును. కడపటి ఆరు వారములలో పిండము త్వరగా పెరిగి కడుపులో చోటు ఆక్రమించును. అందుచే మేక ఒక్కసారిగా ఎక్కువ మేయజాలదు. అవిసె, సుబాబుల్ వంటి పచ్చిరొట్టను, కొంచెము దాణాను పలుమార్లు పెట్టవలెను. ఈనుటకు నెల ముందు చిటుక రోగపు టీకా వేయించినచో దాని ఫలము పాల ద్వారా పిల్లకును చేరును. చిటిక వేసినంతలో ప్రాణము తీయు రోగమునకు మనవారు తగిన పేరే పెట్టిరి!

సాధారణముగా పిల్ల ముందుకాళ్ల గిట్టలు, వానిపై ముట్టె మొదట కనబడును. గంటసేపు ముక్కినను పిల్ల రానిచో లాగి హింసింపక పశువైద్యుని పిలువవలెను. 1962 నంబరునకు ఫోను చేసినచో సంచార పశువైద్యశాల వచ్చును.

పిల్ల పుట్టగానే ముక్కులోని జిగురు తుడిచి, తల్లిచే నాకింపవలెను. బొడ్డును టింక్చరు అయోడిన్‌లో ముంచవలెను. పిదప చన్నులనుండి మొదటి ధారలు పిండివేసి, గంటలోపల పాలు త్రాగింపవలెను. రెండు కిలోల పిల్లకు తొలి దినమున కనీసము 200 మిల్లీలీటర్లు కావలెను.

మాయ పడువరకు పాలు కుడువనీయరాదని కొందరు నమ్ముదురు. ఈ నమ్మకము ఎన్ని పిల్లలను బలిగొన్నదో! నిజమునకు పిల్ల పాలు కుడుచుటచే గర్భాశయము ముడుచుకొని మాయ పడుటకు తోడ్పడును. తల్లి చనిపోయినచో అప్పుడే ఈనిన మఱియొక మేక ముర్రుపాలు పిండి, గోరువెచ్చగా నుండగనే సీసాతో పట్టింపవచ్చును.