పెండ్లి బొమ్మకు ఏ పెట్టె?

ఈ నడుమ సూర్యాపేట జిల్లా తిరుమలగిరిలో ఒక గృహస్థు ఇంటికి వెళ్ళితిమి. ఆయన బీరువాలో చీరెల క్రిందినుండి మూడు సీడీలు తీసి, "మా బిడ్డ లగ్గం దీంట్లనే ఉన్నది. మా నాయన మాట గూడ దీంట్లనే. ఇప్పుడెట్ల చూడాలె?" అని అడిగెను. తండ్రి గతించి చాల యేండ్లయినది. ఇంటిలోని కొత్త టీవీకి సీడీ పెట్టు చోటే లేదు. ఇట్టి సీడీలు శ్రోతల ఇండ్లలోను ఉండవచ్చును గనుక ఆ సమాధానమును ఇచట చెప్పుచున్నాము.

ముందుగా ఒక భేదము గ్రహింపవలెను. వీడియో ఫైలు పేరు చివర కనిపించు ఎంపీ4, ఏవీఐ, ఎంకేవీ అనునవి పెట్టెల పేర్లు. బొమ్మను, ధ్వనిని ఒకచోట అమర్చుట వాని పని. పెట్టెలోపల బొమ్మను కుదించి వ్రాసిన పద్ధతి వేరు. దానిని కోడెక్ అందురు. పెట్టె తెరచుకొన్నను, లోపలి వ్రాతను చదువనేరని యంత్రమున మాటలు వినవచ్చును గాని తెర నల్లగా నుండును. "ఎంపీ4 అయియుండియు ఏల ఆడదు?" అను ప్రశ్నకు తరచుగా ఇదియే జవాబు.

1993లో ఏర్పడిన వీడియో సీడీలో ఎంపెగ్-1 అను వ్రాత యున్నది. మన దేశపు టీవీ పద్ధతిలో దాని బొమ్మ అడ్డము 352, నిలువు 288 చుక్కలు మాత్రమే. ఒక సీడీలో సుమారు 74 నిమిషములు పట్టును; మూడు గంటల పెండ్లికి మూడు సీడీలయినది అందుచేతనే. 2003లో వచ్చిన హెచ్.264 అంతకంటె నేర్పరి; డీవీడీలోని ఎంపెగ్-2 తీసుకొను చోటులో ఇంచుమించు సగముతోనే అంతటి బొమ్మను చూపగలదు. 2013 నాటి హెచ్.265, 2018 నాటి ఏవీ1 ఇంకను పొదుపరులు. అయినను ఇంటి జ్ఞాపకములకు మేము ఎంపీ4 పెట్టెలో హెచ్.264నే కోరుదుము. పాత ఫోనును కొత్త టీవీయు దానిని చదువగలవు. తక్కిన రెంటిని పాత యంత్రములు చాలవరకు ఎరుగవు.

ఒకప్పుడు ఇంటర్నెట్టులో వీడియోలు చాలభాగము ఫ్లాష్‌పైననే ఆడినవి. అడోబీ సంస్థ 2020 డిసెంబరు 31తో దాని పోషణ మానెను. ఒక్క సంస్థ చేతిలోని పద్ధతిని నమ్ముకొన్నచో ఇట్టి చిక్కు తప్పదు. వీఎల్‌సీ వంటి ఉచిత సాధనము మాత్రము ఆ ఫైళ్ళను, వీడియో సీడీని నేటికిని ఆడించుచున్నది.

మార్చునప్పుడు తొందర తగదు. ఒక వ్రాతనుండి మరియొక వ్రాతకు మార్చిన ప్రతిసారియు కొంత వివరము పోవును. కావున సీడీలోని మూలమును ఉన్నదున్నట్లు ఒక ప్రతి తీసి దాచి, చూచుటకు వేరొక ప్రతిని హెచ్.264లో చేయింపవలెను. బొమ్మను పెద్ద కొలతకు సాగదీయుమని స్టూడియోవారిని కోరుట వృథా. నాడు కెమెరా పట్టని ముఖరేఖలు అందువలన రావు. బంధువులకు వాట్సాప్‌లో పంపునపుడు డాక్యుమెంటుగా పంపుడు. వీడియోగా పంపిన అది మరల కుదించును. సీడీలో వ్రాతపొర పేరు వ్రాసిన వైపుననే యుండును గాన ఆ వైపు గీతపడిన నష్టమెక్కువ. ఎండయు దానికి శత్రువే.

తిరుమలగిరి సీడీలలో రెండు పూర్తిగా చదువబడినవి. మూడవది అరగంట నడచి నిలిచిపోయినది. తండ్రిగారి మాట మొదటి పది నిమిషములలో నుండుటచే దక్కినది. అప్పగింతలు మాత్రము దొరకలేదు.