నిలువ సొమ్ము చెప్పని మాట

హైదరాబాదునందు 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, వేటపాలెమునందు 1918లో సారస్వత నికేతనమును ప్రజల పూనికచే వెలసినవి. నూఱేండ్లు గడచినను ఆ రెండును నిలిచియున్నవి. అట్లు నిలువలేక మూతపడిన గ్రంథాలయములును పెక్కు కలవు. సంఘము పుట్టుటకు ఉత్సాహము చాలును. బ్రతుకుటకు లెక్క కావలెను. ఆ లెక్కనుగూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

నేనొక చిన్న గ్రంథాలయమునకు కోశాధికారిగా నుంటిని. ఏటేట సర్వసభ్య సమావేశమున జమాఖర్చులు చదివి, చివర నిలువ యెంతయో చెప్పెడివాడను. నిలువ పెరిగినదనిన సభ్యులు సంతోషించెడివారు, నేనును సంతోషించెడివాడను. ఒకమాఱు పది సంవత్సరముల పట్టికలను ప్రక్కప్రక్కన పెట్టి చూచితిని. పెరిగినదెల్ల భవనము నిమిత్తము ఒక దాత యిచ్చిన విరాళమును, శాశ్వతసభ్యులు ఒక్కసారిగా చెల్లించిన రుసుమును మాత్రమే. పత్రికలకును, దీపములకును, గ్రంథపాలకుని జీతమునకును ఆధారమగు సాలుసరి చందాలు ఏటికేడు తగ్గుచుండెను. కనుక ఒక్క సంవత్సరపు నిలువను చూచి సంఘము ఆరోగ్యమును నిర్ణయింపరాదు. పలు సంవత్సరముల లెక్కలను వరుసగా చూచినప్పుడే నాడి తెలియును.

మూలధనము విషయమున మఱియొక భ్రమ కలదు. లక్ష రూపాయలను నూటికి 8 వడ్డీకి బ్యాంకులో నుంచితిమనుకొందము. ఏటికి 8,000 వచ్చును. అసలు చెక్కు చెదరదు. కాని ధరలు ఏటికి నూటికి 5 చొప్పున పెరిగినచో, 14 ఏండ్లకు ఆ లక్షతో కొనగల పుస్తకములు ఇంచుమించు సగమే యగును. వడ్డీయంతయు వ్యయము చేయుట విత్తనపు గింజలను వండుకొని తినుటవంటిది. 8,000లో 5,000 అసలుకు చేర్చి, 3,000 మాత్రమే వాడుకొన్నచో, మూలధనము బలము తగ్గదు.

కావున చేయవలసినవి మూడు. ఒక పనికై యిచ్చిన విరాళమును వేఱుగా వ్రాసి, ఆ పనికే వినియోగింపవలెను. ఆఱు నెలల వ్యయమునకు సరిపడు సొమ్మును ఆపత్కాలమునకై యుంచవలెను. ఒక్క దాత యిచ్చు వేయి రూపాయలకంటె, నూర్గురు తలకు పదేసి యిచ్చు వేయి మేలని యెఱుగవలెను. ఒకరు తప్పుకొన్నను తక్కినవారు మిగులుదురు.

మీ యూరి సంఘము రాబోవు సమావేశమునందు నిలువ యెంతయని మాత్రమే యడిగి యూరకుండకుడు. ఈ యేడు వచ్చిన చందాలతో ఈ యేటి వ్యయము జరిగినదా యని యడుగుడు. ఆ ప్రశ్నను నేను ఆలస్యముగా నేర్చితిని. అప్పటికి, బ్యాంకులో భవనపు సొమ్ము ఉండగనే, మా గ్రంథపాలకునకు నాలుగు నెలల జీతము బాకీపడియుండెను.